మెడ మీద బొటనవేలు: టోక్యోలో షియాట్సు, నా అనుభవం

గత ఏడాది ఎండాకాలమంతా నా మెడ కుడివైపుకు తిరగలేదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూడాల్సి వచ్చేది. రాత్రి ఏ పక్కన పడుకున్నా భుజం కింద ఏదో రాయి ఉన్నట్టే ఉండేది. టోక్యోలో మేముండేది నిషి కసాయ్‌లో. మనవాళ్ళు బాగా స్థిరపడ్డ చోటు. అక్కడి నుంచి ఆఫీసుకు తోజాయ్ లైన్ రైలెక్కాలి. ఆ లైన్‌లో పొద్దుటి రద్దీ దేశమంతటికీ తెలుసు. 2019లో కిబా, మోన్‌జెన్ నకాచో స్టేషన్ల మధ్య రద్దీ 199 శాతమని ప్రభుత్వమే లెక్క కట్టింది. అంటే బోగీ సామర్థ్యానికి రెట్టింపు జనం. ఒక భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, ఇంకో చేత్తో పైన వేలాడే పట్టీ, అలా నిలబడి వెళ్ళి, ఆ తర్వాత రోజంతా స్క్రీన్ ముందు కూర్చోవడం. మెడ మొరాయించిందంటే దాని తప్పేమీ లేదు.

ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే తీసి, ఎముకల్లో తేడా లేదు, చేతుల్లో తిమ్మిరి లేదు కాబట్టి భయపడాల్సింది లేదన్నారు. కండరాలు బిగుసుకుపోయాయని చెప్పి, అతికించుకునే మందు పట్టీలు రాసిచ్చారు. ఆ పట్టీలు లేని ఇల్లు జపాన్‌లో దాదాపు ఉండదు. భుజాలు బిగుసుకోవడాన్ని వీళ్ళు కతాకోరి అంటారు. ఆరోగ్య శాఖ సర్వేల్లో జనం చెప్పుకునే బాధల్లో నడుము నొప్పి, ఈ కతాకోరి ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటాయి. పట్టీ వేసుకున్నంతసేపు చల్లగా ఉండేది. తీశాక మళ్ళీ మామూలే.

ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ వయసులో నాకంటే చాలా పెద్దది. నా అవస్థ చూసి షియాట్సుకు, అంటే బొటనవేళ్ళతో, అరచేతులతో ఒళ్ళు నొక్కే జపాన్ చికిత్సకు వెళ్ళమంది. ఆవిడ గట్టిగా చెప్పిన మాట ఒకటే: "బోర్డు చూసి కాదు, లైసెన్సు చూసి వెళ్ళు." ఆ మాట విలువ తర్వాత తెలిసింది. టోక్యోలో ఏ స్టేషన్ బయట చూసినా "60 నిమిషాలు 2,980 యెన్లు" అని పెద్ద అక్షరాలతో బోర్డులుంటాయి. వాటిలో చాలావాటి మీద రిలాక్సేషన్ అనో, ఒళ్ళు వదులు చేస్తామనో రాసి ఉంటుంది, మసాజ్ అని మాత్రం ఉండదు. ఎందుకంటే ఇక్కడ మసాజ్, షియాట్సు, వీటికంటే పాతదైన అన్మా అనే మర్దన, ఈ మూడింటినీ వృత్తిగా చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. కనీసం మూడేళ్ళు శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, వ్యాధుల గురించి చదివి, జాతీయ పరీక్ష పాసవ్వాలి. ఆ చవక దుకాణాల్లో మంచి పనివాళ్ళు లేరని నేననను. కానీ మెడ లాంటి చోట చెయ్యి వేయించుకునేటప్పుడు, ఆ చెయ్యి ఏం చదువుకుందో తెలియడం నాకు ముఖ్యం అనిపించింది.

ఆవిడ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, చేసేవాళ్ళు ఆడవాళ్ళైతే బాగుంటుందని అడిగాను. ఇక్కడ అలా అడగడం మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు. "మా సెన్సే ఒకరున్నారు. ఆవిడకు చూపు లేదు. మీకు ఫర్వాలేదా?" అని అటునుంచి అడిగారు. గురువుల్ని, వైద్యుల్ని ఇక్కడ సెన్సే అంటారు. సరేనన్నాను.

ఆ రాత్రి ఫోన్‌లో అమ్మకు చెబితే కంగారు పడింది. "మెడ మాత్రం ఎవరిచేతా విరిపించుకోకే తల్లీ" అంది. మన దగ్గర సెలూన్లలో క్షవరం అయ్యాక తల పట్టుకుని టక్కున తిప్పే అలవాటు ఉంది కదా, ఆమె భయం అదే. అమ్మ భయంలో న్యాయం ఉంది. మెడలో మెదడుకు వెళ్ళే రక్తనాళాలుంటాయి, అలా విసురుగా తిప్పితే అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. షియాట్సులో ఆ తిప్పడం, విరవడం ఉండవు. నూనె ఉండదు, బట్టలు తీయడమూ ఉండదు. ఆ సంగతి చెప్పాక అమ్మ కాస్త కుదుటపడింది.

క్లినిక్ కోయిషికావాలో. ఈదబాషిలో రైలు మారి కొరాకుయెన్‌లో దిగి, చిన్న గుట్ట ఎక్కాలి. పైన దెన్‌జూయిన్ అనే బౌద్ధాలయం ఉంది. ఒకప్పుడు జపాన్‌ను ఏలిన సైనిక పాలకులు, తొకుగావా షోగన్ల వంశానికి మూలపురుషుడైన ఇయెయాసు తల్లి సమాధి ఉన్నది అక్కడే. ఆ చుట్టుపక్కలే నమికోషి తొకుజిరో 1940లో స్థాపించిన షియాట్సు పాఠశాల కూడా ఉంది. ఈ విద్యకు ఈ రోజు ప్రపంచంలో ఉన్న పేరంతా ఆయన చలవే. ఆయన 1905లో షికోకు దీవిలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం ఉత్తరాన హొక్కయిదోకు వలస వెళ్ళింది. ఆ చలికి తల్లి కీళ్ళు పట్టేసి మంచాన పడితే, మందూ డాక్టరూ అందని ఆ పల్లెలో పిల్లవాడు తల్లి ఒళ్ళు తన చేతులతో నొక్కడం మొదలుపెట్టాడు. ఎక్కడ చల్లగా ఉంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ నొక్కితే తల్లికి హాయిగా ఉంది అని కనిపెడుతూ నేర్చుకున్నాడు. 1954లో మారిలిన్ మన్రో జపాన్ వచ్చి కడుపు నొప్పితో బాధపడితే ఆయన్నే పిలిపించారని ఇక్కడి పెద్దవాళ్ళందరూ చెబుతారు. నాకు మాత్రం తల్లి కథే ఎక్కువ నచ్చింది. షియాట్సు మనసంటే అమ్మ మనసు, నొక్కితే ప్రాణపు ఊట ఉబుకుతుంది అని ఆయన అంటుండేవారట. ఈ మాట టీవీలో విని పెరిగిన తరం ఇక్కడ ఇంకా ఉంది.

సెన్సేకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, గొంతు మెత్తన. గోడ మీద ఆరోగ్య శాఖ మంత్రి పేరుతో ఉన్న లైసెన్సు చట్రం కట్టి ఉంది. ముందు చాలాసేపు ప్రశ్నలే. బీపీ ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, ఏం మందులు వాడుతున్నారు, గర్భవతి అయ్యే అవకాశముందా, తిని ఎంతసేపయింది, జ్వరం లాంటిదేమైనా ఉందా. చేతులు తిమ్మిరెక్కుతాయా అని రెండు రకాలుగా అడిగారు. నా జవాబులను చుక్కల లిపిలో చిన్న పలక మీద టకటకా పొడుచుకున్నారు. తర్వాత వదులైన నూలు చొక్కా, పైజామా ఇచ్చారు. తెర వెనక మార్చుకుని వచ్చి తాతమీ చాప మీద పరిచిన పరుపు మీద పడుకున్నాను.

బోర్లా పడుకోమంటారని అనుకుంటాం. ఈ పద్ధతిలో మొదలు పక్కకు తిరిగి పడుకోవడంతో. తల కింద దిండు, మోకాలి కింద ఇంకో దిండు, ఒంటి మీద పల్చటి నూలు గుడ్డ. ఆవిడ నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి నా భుజం మీద పెట్టి కాసేపు ఏమీ చేయలేదు. నా ఊపిరి ఎలా నడుస్తోందో ఆ చేత్తో చూసుకుంటున్నారని తర్వాత చెప్పారు.

మెడ ముందు భాగంతో మొదలుపెట్టారు. గొంతు పక్కన బొటనవేలు పడగానే నా ఒళ్ళు బిగుసుకుంది. వేలు వెంటనే తేలికయింది, కానీ అక్కడి నుంచి కదల్లేదు. "ఊపిరి వదలండి, వదలడమే చాలు" అన్నారు. వదిలాను. వేలు బరువెక్కింది. మూడు సెకన్లు ఉందేమో. నెమ్మదిగా లేచింది. పై నుంచి కిందికి నాలుగు చోట్ల, ఒకే తీరున. తర్వాత మెడ పక్కన, పుర్రె అంచు కింద ఉండే గుంటలో, మెడ వెనక.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ నొక్కే తీరు. మర్దన అంటే మనకు రుద్దడం, పిసకడం, గుద్దడం. ఇందులో అవేవీ లేవు. వేలు చర్మం మీద జారదు. నిటారుగా దిగుతుంది, కండరం ఎంతవరకు రానిస్తే అంతవరకే వెళ్ళి ఆగుతుంది, అక్కడ నిలుస్తుంది, దిగినంత నిదానంగా పైకి వస్తుంది. మామిడిపండు మగ్గిందో లేదో చూసేటప్పుడు పండు కందకుండా వేలితో అదిమి చూస్తామే, ఆ జాగ్రత్త అంతా ఆ బొటనవేలిలో ఉంది. బలం వేలిది కాదని కూడా తెలుస్తూనే ఉంది. ఆవిడ తన ఒంటి బరువును ముందుకు వాల్చి వేలి మీదికి పంపుతున్నారు, వెనక్కి వాలి తీసేస్తున్నారు. గంటసేపు అలా చేసినా చేతులు అలవకుండా ఉండేది అందుకేనట.

కుడి రెక్క ఎముక లోపలి అంచు దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరి ఆగినంత పనయింది. అక్కడ నొక్కితే నొప్పి మెడ వెంట పాకి కంటి వెనక్కి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే "ఇదే కదూ" అన్నారు. నొప్పిగానే ఉంది, కానీ వేలు తీసేయకుండా ఉంటే బాగుండుననీ ఉంది. ఈ రెండూ కలిసిన సుఖానికి జపాన్ వాళ్ళ దగ్గర రోజువారీ మాటే ఉంది, ఇతాకిమోచీ అంటారు. నొప్పి ఆ హద్దు దాటితే వెంటనే చెప్పాలని ముందే నాతో ఒప్పించుకున్నారు. ఓర్చుకుంటే కండరం ఇంకా బిగుస్తుంది తప్ప విడవదని ఆవిడ మాట.

ఇంకాసేపు అక్కడే నొక్కితే బాగుండునని నేననుకుంటుండగా ఆవిడ ఆ చోటు వదిలేసి నా కుడి చేతికి వెళ్ళారు. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా, బొటనవేలి మొదట్లో ఉండే కండ దాకా వరసగా నొక్కుకుంటూ వచ్చారు. మౌస్ పట్టుకునే చెయ్యి. అక్కడ అంత నొప్పి దాగి ఉందని నాకే తెలియదు. తిరిగి రెక్క ఎముక దగ్గరికి వచ్చేసరికి ఆ ముడి సగం మెత్తబడింది.

ఆ తర్వాత రెండో పక్క, ఆపైన బోర్లా. నడుము, తొడల వెనక, పిక్కలు, అరికాళ్ళు. వీటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అప్పటికే మగతలో ఉన్నాను. వెల్లకిలా తిరిగాక చివర్న పొట్ట. అరచెయ్యి బొడ్డు మీద పెట్టి, నా ఊపిరి బయటికి పోయేటప్పుడు కొంచెం దిగి, లోపలికి వచ్చేటప్పుడు పైకి తేలుతూ చాలాసేపు ఉంచారు. పొట్ట మీద పరాయి చెయ్యి పడితే ఎవరికైనా ఇబ్బందే. కానీ ఆ చెయ్యి నా ఊపిరిని తరమకుండా దాని వెనకే నడిచింది. నాకు తెలియకుండానే కళ్ళ నీళ్ళు వచ్చాయి. బాధ ఏమీ లేదు. కొన్ని నెలలుగా పొట్ట కూడా బిగబట్టుకునే ఉన్నానని ఆ నిమిషంలో తెలిసింది. ఆవిడ ఏమీ అడగలేదు.

మాట్లాడే గడియారం టైమ్ చెప్పింది. "వెంటనే లేవకండి" అన్నారు. బట్టలు మార్చుకుని వచ్చేసరికి వేయించిన తేయాకుతో కాచిన వేడి టీ పెట్టి ఉంది. ఖర్చు ఏడు వేల యెన్లకు దగ్గరగా అయింది. మామూలు ఒళ్ళు నొప్పులకు ఇక్కడి ఆరోగ్య బీమా వర్తించదు. పక్షవాతం, కీళ్ళు బిగుసుకుపోవడం లాంటి వాటికి డాక్టర్ సమ్మతి పత్రం ఉంటేనే వర్తిస్తుంది.

ఆ రాత్రి పడుకున్నది పడుకున్నట్టే తెల్లారింది. మర్నాడు మాత్రం ఒళ్ళంతా కొత్తగా వ్యాయామం చేసినట్టు బరువుగా, భుజాల్లో కాస్త నొప్పిగా ఉంది. ఇలా జరగవచ్చని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. రెండో రోజుకు తగ్గింది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మాట చెబితే, మొదటిసారి కంటే తేలికగా నొక్కారు. ఆ తేలిక చెయ్యే ఎక్కువ పని చేసింది. ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిదనే నమ్మకం మనలో చాలామందికి ఉంటుంది. నా ఒంటి మీద నేను చూసింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

వెళ్తూ వెళ్తూ ఉండగా మా మధ్య మాటలు పెరిగాయి. ఆవిడకు చూపు పోయింది హైస్కూల్ రోజుల్లో. అంధుల పాఠశాలలోనే ఈ విద్య నేర్చుకున్నారు. జపాన్‌లో చూపులేనివాళ్ళకూ ఈ పనికీ ఉన్న సంబంధం చాలా పాతది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు సూదిని సన్నటి గొట్టంలోంచి చర్మంలోకి దింపే పద్ధతి కనిపెట్టి, అంధులకు సూది వైద్యం, అన్మా నేర్పే బడులు పెట్టాడు. ఐదో షోగన్ త్సునయోషికి వైద్యం చేసినవాడు. సుమిదా వార్డులో ఆయన పేరున గుడి ఉంది, సెన్సే ఏటా వెళ్తారట. ఎదో కాలంలో, అంటే షోగన్లు ఏలిన రోజుల్లో, అంధ మర్దనకారులు రాత్రిపూట ఈల ఊదుకుంటూ వీధుల్లో తిరిగేవాళ్ళు. యుద్ధం తర్వాత 1947లో అమెరికా ఆక్రమణ సైన్యం అధికారులు ఈ వైద్యాలన్నీ ఆపేయాలని చూస్తే, అంధులు వీధుల్లోకి వచ్చి పోరాడారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన చట్టమే ఇప్పటి లైసెన్సులకు ఆధారం. అంధుల బతుకుతెరువు దెబ్బతినకుండా, చూపున్నవాళ్ళ కోసం కొత్త మసాజ్ కోర్సులు పెట్టడానికి అనుమతి నిరాకరించే అధికారం కూడా ఆ చట్టంలో తర్వాత చేరింది. అది రాజ్యాంగబద్ధమేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తీర్పు గురించి చెప్పేటప్పుడు సెన్సే గొంతు కొంచెం పెరిగింది. "మా మీద జాలి చూపించమని మేం అడగలేదు, పని ఉంచమన్నాం" అన్నారు.

స్టేషన్లలో నేల మీద ఉండే పసుపు గీతల పలకలు 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు మీద మొదటిసారి వేశారని కూడా ఆవిడే చెప్పారు. వాటిని కనిపెట్టింది మియాకే సెయిచి అనే జపానీయుడు. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలోనూ అవే పలకలు ఉన్నాయంటే చాలా సంతోషించారు. అప్పటి నుంచి ఆ పలకల మీద సూట్‌కేసు పెట్టి నిలబడేవాళ్ళను చూస్తే పక్కకు జరగమని అడుగుతున్నాను.

ఇప్పుడు నా మెడ రెండువైపులా తిరుగుతుంది. అదంతా షియాట్సు ఘనతే అనను. స్క్రీన్ ఎత్తు పెంచమన్నారు, పెంచాను. ల్యాప్‌టాప్‌ను భుజానికి తగిలించుకోవడం మానేసి వీపు బ్యాగులో పెట్టుకుంటున్నాను. పని ఎక్కువై ఆ అలవాట్లు తప్పితే బిగుతు మళ్ళీ వస్తుంది. దీని మీద పెద్ద ఎత్తున, పకడ్బందీగా జరిగిన పరిశోధనలు తక్కువ. ఒళ్ళు వదులవుతుంది, నిద్ర బాగా పడుతుంది, కొన్నాళ్ళ పాటు నొప్పి తగ్గుతుంది. నేను చెప్పగలిగింది అంతే. షుగర్ పోతుంది, థైరాయిడ్ పోతుంది అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, జ్వరంతో పాటు మెడ బిగిసినా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

మొన్న వసంతంలో అమ్మ వచ్చింది. తనకూ చేయించమని అడిగితే తీసుకెళ్ళాను. నేనే మధ్యలో మాటలు అందించాను. అమ్మకు ఎముకలు గుల్లబారుతున్నాయని, గుండెకు రక్తం పల్చబడే మందు వాడుతోందని తెలియగానే సెన్సే బొటనవేళ్ళతో నొక్కనన్నారు. నేను బతిమాలినా ఒప్పుకోలేదు. పల్చబడిన పక్కటెముకలు విరగవచ్చు, ఆ మందు వల్ల చర్మం కింద రక్తం కమలవచ్చు అని వివరంగా చెప్పారు. చివరికి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు మీద, చేతుల మీద అరచేతులు ఊరికే ఆనించి ఉంచారు. పావుగంట. డబ్బు తీసుకోలేదు. ఆవిడ మీద నాకున్న నమ్మకం ఆ రోజు రెట్టింపయింది.

జపాన్‌లో ఉన్న మన ఆడవాళ్ళకు ఒక్క మాట. ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే జాతీయ లైసెన్సు ఉందా అని అడగండి. "కొక్కా షికకు" అంటే వాళ్ళకు అర్థమవుతుంది, ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. గట్టిగా అనిపిస్తే "యోవాకు", అంటే మెల్లగా, అనండి చాలు. కడుపు నిండా తిని వెళ్ళకండి. వెళ్ళొచ్చాక ఆ సాయంత్రం వేరే పనేదీ పెట్టుకోకండి.